టాల్మజ్ కాని మా క్లెమ్ బావ

మా అక్క జెనివీవ్‌ను పెళ్ళి చేసుకునే నాటికే క్లెమ్ బావకు ఆ ఎర్రటి గుబురు మీసం ఉంది. పెట్టెలాంటి దవడ, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టుండే కళ్ళు. బఫెలోలో మా తూర్పు పేట మొత్తానికి ఆయనంత నెమ్మదైన ప్లంబరు లేడు. ఇంట్లోకి వచ్చింది తెలిసేది కాదు, వెళ్ళిందీ తెలిసేది కాదు. సింకులో నీళ్ళు దిగుతున్నాయంటే క్లెమ్ గ్రాబోస్కి వచ్చి వెళ్ళాడన్నమాట. ఆయనా నేనూ ఒకే వ్యాను మీద పదహారేళ్ళు పని చేశాం. వ్యాను పక్కన ‘గ్రాబోస్కి అండ్ పియాటెక్’ అని రాసి ఉండేది. ఆ పియాటెక్‌ని నేను, నార్బర్ట్‌ని.

ఊరంతా పైక్స్ జట్టు పేరు చెబితే పూనకం వచ్చినట్టు ఊగేది. బావకు మాత్రం బేస్‌బాల్ పట్టేది కాదు. ఆయన ధ్యాసంతా పావురాల మీదే. గ్యారేజీ పైన పద్దెనిమిది పావురాలుండేవి. ఎవరైనా స్కోరు అడిగితే, ‘ఆట ఇవాళా?’ అని అడిగే మనిషి. మా పేటలో అలాంటివాణ్ణి అమాయకుడనుకుని వదిలేస్తారు. బావనూ అలాగే వదిలేశారు, 1986 జులై వరకు.

ఆ వేసవిలో మా పైక్స్ ఎన్నడూ లేనిది పట్టికలో రెండో స్థానానికి ఎగబాకింది. దాంతో యజమానులకు తల తిరిగింది. సీజన్ సగంలో పడమటి తీరం జట్టుతో మార్పిడి కుదుర్చుకున్నారు. మా వీధుల్లో ఆడి పెరిగిన ఇరవై రెండేళ్ళ టోబీ ఫెరాంటేని అటు ఇచ్చేసి, వెండెల్ టాల్మజ్ అనే మహా బ్యాట్స్‌మన్‌ని ఇటు తెచ్చుకున్నారు. టాల్మజ్ ఆ ఏడు అప్పటికే ఇరవై నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. అంటే ఇరవై నాలుగుసార్లు బంతిని గోడ అవతలికి పంపాడు. ఇక కప్పు మాదేనని ఊరంతా నమ్మింది. టోబీ వాళ్ళమ్మ ఒక్కతే నమ్మలేదు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీ సగం టాల్మజ్ ఫోటోయే. నేను బావ ఇంటి ముందు వ్యాను ఆపి లోపలికి వెళ్ళేసరికి అక్క పేపరు పట్టుకుని ఒకసారి దాన్నీ, ఒకసారి ఎదురుగా గుడ్లు తింటున్న మొగుణ్ణీ చూస్తోంది.

‘‘నార్బ్, ఇలా రా. ఈ ఫోటో ఎవరిదిరా?’’

‘‘బావదేగా. ఏం చేశాడు? ఎవరి బేస్‌మెంటైనా ముంచాడా?’’

‘‘కింద చదువు.’’

చదివాను. అదే ఎర్ర మీసం, అదే దవడ, ఆ కళ్ళు కూడా అవే. ‘‘బావా, ఇరవై నాలుగు హోమ్ రన్లు కొట్టి మాకో మాటైనా చెప్పలేదేం?’’

బావ పేపరు లాక్కుని చూశాడు. నోట్లో ఉన్నది మింగాడు. ‘‘నాకంటే లావు,’’ అన్నాడు.

ఆ రోజు మొదటి పని ఓ బేకరీలో. బావ పానా తీసుకుని లోపల అడుగు పెట్టాడో లేదో, బేకరీ ఆయన చేతిలోని ట్రే కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కూడా కొట్టారు. బావ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని. నేనే ఉన్నాను.

‘‘అయ్యా, నేను ప్లంబర్ని,’’ అన్నాడు బావ.

‘‘అలాగే సార్, అలాగే. అర్థమైంది,’’ అని బేకరీ ఆయన కన్ను గీటి, డజను డోనట్లు సంచిలో పెట్టి చేతికిచ్చాడు.

మధ్యాహ్నం లొరెట్టా బారులో ఇంకా చోద్యం. లొరెట్టా మమ్మల్ని పదేళ్ళుగా ఎరుగును. బావ ఎవరో ఆమెకు బాగా తెలుసు. అయినా కౌంటరు మీద నుంచి వంగి బావ రెండు బుగ్గలూ పట్టుకుంది.

‘‘క్లెమ్, నువ్వు వాడివి కాదని నాకు తెలుసులే. ఊరికే ఓసారి పట్టుకోనీ, అదృష్టం కలిసొస్తుంది.’’

ఆ తర్వాత బారులో ఉన్న తొమ్మిది మందీ వరసగా వచ్చి పట్టుకున్నారు. బావ బుగ్గలు ఆయన మీసం రంగులోకి వచ్చాయి. పైకి చిరాకు పడ్డాడు గానీ, దాచడం ఎందుకు, ఆ వారమంతా ఆయన నడకే మారింది. ఆదివారం చర్చి ఆవరణలో విందు జరిగితే, పియెరోగీల వరసలో అందరూ తప్పుకుని ఆయన్ని ముందుకు పంపారు. బంగాళాదుంప కూరి కజ్జికాయలా మడిచిన ఆ పియెరోగీల కోసం మా పేటలో అన్నదమ్ములే తోసుకుంటారు. బావ రెండు ప్లేట్లు తెచ్చుకున్నాడు.

‘‘నువ్వు టాల్మజ్ కాదని చెప్పలేదా?’’ అంది అక్క.

‘‘వాళ్ళు అడగలేదు,’’ అన్నాడు బావ.

పదో రోజుకు కష్టాలు మొదలయ్యాయి. అసలు టాల్మజ్ పైక్స్ చొక్కా వేసుకున్న దగ్గర్నుంచి పంతొమ్మిదిసార్లు బ్యాటు పట్టి, పంతొమ్మిదిసార్లూ ఉత్త చేతుల్తో వెనక్కి వెళ్ళాడు. ఇరవయ్యోసారి బంతి ఎలాగూ తగలలేదు సరికదా, చేతిలో బ్యాటు జారి గిరగిరా తిరుగుతూ ప్రేక్షకుల్లోకి ఎగిరింది. మూడో వరసలో కూర్చున్న మా చర్చి ఫాదర్ కాజిమిర్ అప్పుడే ఆవాల ముద్ద దట్టించిన సాసేజిని నోటి దగ్గరికి తెచ్చుకుంటున్నారు. బ్యాటు ఆయన్ని తాకలేదు. సాసేజిని మాత్రం తీసుకుపోయింది. ఆ రోజంతా టాల్మజ్ కొట్టింది అదొక్కటే అని మర్నాడు రేడియోలో అన్నారు.

మర్నాడు బేకరీలో చప్పట్లు లేవు. ‘‘డోనట్లు అయిపోయాయి,’’ అన్నాడు బేకరీ ఆయన, డోనట్ల ముందు నిలబడి.

ఇక ఎక్కడికెళ్ళినా అదే వరస. మిసెస్ జిలోంకా అని ఎనభై ఏళ్ళ పెద్దావిడ. ఆవిడ వంటింట్లో బావ సింకు కింద తల దూర్చి పడుకుని ఉంటే, ఆవిడ అప్పడాల కర్ర లాంటి పిండి కర్ర రెండు చేతుల్తో పట్టుకుని ఆయన కాళ్ళ దగ్గర నిలబడింది.

‘‘నువ్వు తొందరపడి తిప్పేస్తున్నావు నాయనా. బంతి రానీ. వచ్చాక ఇలా!’’ అని కర్ర ఊపింది. గోడ మీద క్యాలెండరు కింద పడింది.

‘‘అమ్మా, నేను క్లెమ్‌ని. మీ బాయిలరు పెట్టింది నేనే.’’

‘‘ఆ, అదీ సరిగ్గా పనిచెయ్యట్లేదు. మంగళవారం వచ్చి చూడు. ఊరికే బంతుల వెనక తిరక్కు.’’

ఆవిడ బావను ఏమనుకుంటోందో నాకు చివరిదాకా అర్థం కాలేదు. ప్లంబరే తీరిక వేళల్లో పైక్స్‌కి ఆడుతున్నాడని ఆవిడ నమ్మకం అనుకుంటాను.

అక్కను అందరికంటే ఎక్కువ బాధించింది చర్చి సంగతి. బావ ఎప్పట్లాగే శనివారం పాపాలు చెప్పుకోవడానికి వెళ్ళాడు. తెర అవతల ఫాదర్ కాజిమిర్ అంతా విని, ‘‘ఇంకేమీ లేదా?’’ అన్నారట.

‘‘లేదు ఫాదర్.’’

‘‘బాగా గుర్తు తెచ్చుకో. సాసేజిలాంటిది ఏదీ లేదా?’’

ఇంటికొచ్చాక అక్క తువ్వాలు, కత్తెర, రేజరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ‘‘తీసెయ్. ఈ మీసం ఉన్నంత కాలం మనకు మనశ్శాంతి లేదు.’’

‘‘ఇది నాది జెన్. వాడికంటే ముందు నుంచీ ఉంది.’’

‘‘నీ మీసాన్ని ఎవరు కాదన్నారు? వాడి మీసం వల్ల కదా నీకీ గోల!’’

బావ స్నానాల గదిలోకి వెళ్ళి గంటసేపు ఉన్నాడు. బయటికొచ్చాక చూస్తే, పై పెదవి తెల్లగా, పిల్లాడి మోకాలి చిప్పలా ఉంది. ఎవరో కొత్త మనిషి. ‘‘ఇక చచ్చినా ఎవరూ పోల్చుకోలేరు,’’ అన్నాను ధైర్యం చెబుతూ.

నాలుగో రోజు పేపర్లో మళ్ళీ ఫోటో. దురదృష్టం వదిలించుకోవడానికి టాల్మజ్ మీసం తీసేశాడు. మీసం లేకుండా ఊళ్ళో ఎవరూ ఇంకా చూడని ఆ ముఖాన్ని పేపరు వాళ్ళు అరపేజీ వేశారు. పిల్లాడి మోకాలి చిప్పలాంటి పెదవితో సహా.

బావ ఆ పేపరును మడిచి పావురాల గూటి అడుగున పరిచాడు. మర్నాటి నుంచి మీసం పెంచడం మొదలుపెట్టాడు. వాడూ పెంచాడు.

ఆగస్టు చివర్లో చర్చి తరఫున అందరం కలిసి ఓ ఆదివారం మధ్యాహ్నం ఆటకు వెళ్ళాలని పెట్టుకున్నాం. బావ రానన్నాడు. అక్క, ‘‘నువ్వు రాకపోతే వాడే నువ్వని ఖాయం చేస్తారు. ఇద్దరూ ఒకేసారి కనిపిస్తే గొడవ వదులుతుంది,’’ అంది. అందులో న్యాయం ఉంది. తీసుకెళ్ళాం.

జరిగింది వేరు. టాల్మజ్ మైదానంలోకి రాగానే ముప్ఫై వేల మంది ‘బూ’ అన్నారు. బావ మంచినీళ్ళ కోసం లేచి నిలబడేసరికి మా వైపు వాళ్ళంతా బావ వంక తిరిగి ఇంకోసారి ‘బూ’ అన్నారు. ఇద్దరూ వేరు వేరని తెలిసిపోయింది. తెలిసినా ఎవరూ తగ్గలేదు. ఒకడి మీద అరిచే సరదాకి ఇద్దరు దొరికారు, అంతే.

మా బావ గొంతు పెంచగా నేను అప్పటిదాకా వినలేదు. పైపు కాలి మీద పడినప్పుడు కూడా ‘అయ్యో’ అని మెల్లగా అన్న మనిషి. ఆ రోజు బెంచీ ఎక్కి నిలబడ్డాడు.

‘‘నోళ్ళు ముయ్యండి!’’ అని అరిచాడు. ‘‘మనిషి పని చేసుకుంటున్నాడు, కనపడట్లేదా? మీ ఇళ్ళల్లో పైపు పగిలి నేను వంగి పని చేస్తుంటే, వెనక నిలబడి ఇలాగే కూతలు కూస్తారా?’’

మా చుట్టుపక్కల నాలుగైదు వరసల వాళ్ళు నోటి దగ్గర పెట్టుకున్న చేతులు దించేశారు. పై వరసల నుంచి మిసెస్ జిలోంకా గొంతు వినిపించింది: ‘‘కూస్తాం! మంగళవారం ఎందుకు రాలేదు?’’

జనం విరగబడి నవ్వారు. బావ కూడా దిగి కూర్చుని, చేతుల్లో ముఖం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వాడు. సరిగ్గా అప్పుడే ‘టక్’ మని చప్పుడు వినిపించి అందరం తలెత్తాం.

ఆ దెబ్బ గురించి మా ఊళ్ళో ఈ రోజుకీ తగాదా ఉంది. టాల్మజ్ కొట్టిన బంతి లేచి, లేచి, దీపాల స్తంభం కంటే పైకి పోయి, స్టేడియం దాటి, వెనక రైలు పట్టాల దగ్గర ఎక్కడో పడింది. అంత దూరం బంతి కొట్టగా మా వాళ్ళెవరూ చూడలేదు. పరాయి జట్టు వాళ్ళు కూడా నోరు తెరిచి చూశారు. కాకపోతే అది మైదానం అంచు గీతకు మూరెడు అవతల నుంచి పోయింది. గీత అవతల నుంచి పోతే లెక్కలోకి రాదు. తర్వాతి బంతికి వాడు ఔటైపోయాడు. లొరెట్టా బారులో అడిగితే సగం మంది ఆ బంతి గీత లోపలే పోయిందనీ, అంపైరు గుడ్డివాడనీ ఒట్టేసి చెబుతారు. మిగతా సగం మంది అది అసలు స్టేడియం దాటనే లేదంటారు. బావ తలొంచుకుని నవ్వుతున్నాడు కాబట్టి ఆయన మాత్రం చూడలేదు. కానీ అందరూ వచ్చి ఆయన్నే అడిగేవాళ్ళు.

సెప్టెంబరు రెండో వారంలో ఓ ఫోను వచ్చింది. నది పక్క వీధిలో అద్దె ఇల్లు, వంటింటి సింకు నిండిపోయి కిందికి కారుతోంది, వెంటనే రావాలని. వెళ్ళి గంట కొట్టాం. తలుపు తెరుచుకుంది. లోపల మా బావ నిలబడి ఉన్నాడు. నా పక్కనా ఉన్నాడు.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తేరిపార చూసుకున్నారు. బావ చెప్పింది నిజమే, టాల్మజ్ కొంచెం లావు.

‘‘నువ్వా!’’ అన్నాడు టాల్మజ్. కోపంగా కాదు. తప్పిపోయిన సామాను దొరికినట్టు. ‘‘ఆ ప్లంబరువి నువ్వేనా? బాబూ, నీ వల్ల నేను పడుతున్న బాధ అంతా ఇంతా కాదు!’’

‘‘నా వల్లా?’’ అన్నాడు బావ.

‘‘నీ వల్ల కాక? కూరగాయలు కొనడానికి వెళ్తే కుళాయి కారుతోందంటారు. గడ్డం గీయించుకుంటుంటే బేస్‌మెంట్లో నీళ్ళొచ్చాయంటారు. మొన్న స్టేడియం గేటు దగ్గర ఒక ముసలావిడ బాయిలరు సంగతేంటని గొడుగుతో రెండు దెబ్బలేసింది. ‘మంగళవారం వస్తానని రాలేదు’ అంటుంది. ఎవరావిడ?’’

‘‘మిసెస్ జిలోంకా,’’ అన్నాడు బావ తల దించుకుని. ‘‘నిజమే. మర్చిపోయాను.’’

‘‘దయచేసి వెళ్ళవయ్యా! నా భుజం చూడు, ఇంకా నల్లగానే ఉంది.’’

బావ ముందు పని చూద్దామన్నాడు. సింకు కింద గొట్టం విప్పాం. లోపల నుంచి తెల్లటి ముద్ద ఒకటి బయటికి వచ్చింది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. బావ వేలితో అద్ది వాసన చూశాడు. నా వంక చూశాడు. పియెరోగీలు.

టాల్మజ్ ముఖం ఎర్రబడింది. ‘‘వచ్చిన కొత్తలో ఆడవాళ్ళంతా తెచ్చిచ్చారు. రోజుకు మూడు నాలుగు గిన్నెలు. ఒక్కణ్ణి, ఎన్నని తిననూ? చెత్తబుట్టలో వేస్తే బయట ఎవరైనా చూస్తారేమోనని...’’

‘‘ఎన్ని?’’ అన్నాను నేను.

‘‘మూడొందలు ఉంటాయేమో.’’

బావ పానా కింద పెట్టేసి లేచి, కిటికీ తెర లాగాడు. ‘‘బాబూ, జాగ్రత్తగా విను. టోబీ ఫెరాంటేని పోగొట్టినా ఈ ఊరు నిన్ను ఎప్పటికైనా క్షమిస్తుంది. ఇది తెలిస్తే మాత్రం క్షమించదు. నార్బ్, నువ్వూ నోరు విప్పకు. అక్కకు కూడా చెప్పకు.’’

ఆ ముద్దంతా బకెట్లలో నింపి, పైన పాత గోనెలు కప్పి, వ్యానులో ఊరవతలికి తీసుకెళ్ళి పారేశాం. ఇన్నేళ్ళకు ఇప్పుడు చెబుతున్నానంటే, ఆ పియెరోగీలు చేసినవాళ్ళలో ఇప్పుడెవరూ మిగల్లేదు కాబట్టే.

పనయ్యాక టాల్మజ్ కాఫీ ఇచ్చాడు. ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. భార్యా ఇద్దరు ఆడపిల్లలూ పడమట్లోనే ఉండిపోయారట, బడి మధ్యలో మార్చలేక. ‘‘అక్కడ బంతి నాకు పుచ్చకాయంత కనపడేది,’’ అన్నాడు. ‘‘ఇక్కడికి రాగానే బఠాణీ గింజంత అయిపోయింది. ఎందుకో నాకూ తెలీదు. ఆ బూలు విని మొదట్లో కోపమొచ్చేది. ఇప్పుడు నేనూ లోపల్లోపల వాళ్ళతో కలిసి బూ అంటున్నాను.’’

బావ ఆట గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడడానికి ఆయనకేమీ తెలియదు కూడా. చాలాసేపు ఆలోచించి, ‘‘మీసానికి ఏం రాస్తావు?’’ అన్నాడు.

‘‘మైనం.’’

‘‘నేను వ్యాజలీన్. వానకు జారిపోతుంది.’’

‘‘మైనం జారదు.’’ టాల్మజ్ లోపలికి వెళ్ళి తన మైనం డబ్బా తెచ్చి బావకిచ్చాడు. బావ వాణ్ణి గ్యారేజీకి తీసుకెళ్ళి పావురాలు చూపించాడు. ఆ సాయంత్రం అక్క పెరట్లోకొచ్చి ఇద్దరు మొగుళ్ళను చూసి, ‘‘జీసస్, మేరీ, జోసెఫ్!’’ అని బట్టల బుట్ట కింద పడేసింది.

నాలుగైదు వారాల్లో అంతా అయిపోయింది. పైక్స్ నాలుగో స్థానానికి దిగింది. టాల్మజ్ మా దగ్గర మొత్తం మూడు హోమ్ రన్లు కొట్టాడు. అందులో రెండు, జట్టు ఎలాగూ చిత్తుగా ఓడుతున్న రోజుల్లోనే. చలికాలం రాగానే వాణ్ణి వదిలేశారు. టోబీ ఫెరాంటే అక్కడ మహా ఆటగాడయ్యాడు. కప్పు కోసం ఆఖరి ఆటలు జరిగే ప్రతి అక్టోబరులో టీవీలో కనపడి మా కడుపులు రగిల్చేవాడు. అలా కనపడిన ప్రతిసారీ మర్నాడు జనం మా బావ వంక గుర్రుగా చూసేవాళ్ళు. టాల్మజ్ వెళ్ళిపోయాడు, వాడి ముఖం మా దగ్గరే ఉండిపోయింది మరి.

కానీ కాలం గడిచేకొద్దీ ఆ గుర్రు తగ్గి మరోటి వచ్చింది. జనం బావ దగ్గరికి జ్ఞాపకాలు తెచ్చి చెప్పుకునేవాళ్ళు. ‘మా నాన్నతో నేను చూసిన చివరి ఆట, నువ్వు ఆ రోజు ఎంత ఘోరంగా ఆడావో’ అని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకొకామె, టాల్మజ్‌ను తిడుతూ పక్క కుర్చీ ఆయనతో గొంతు కలిపి ఆయన్నే పెళ్ళి చేసుకుందట. బావ అందరి మాటా వినేవాడు. మొదట్లో ‘నేను కాదు’ అనేవాడు, తర్వాత తల ఊపేవాడు. ఫాదర్ కాజిమిర్ ముసలితనంలో మంచం పట్టినప్పుడు బావ చూడడానికి వెళ్తూ ఆవాల ముద్ద దట్టించిన సాసేజి పట్టుకెళ్ళాడు. ఆయన సగం తిని, ‘‘క్షమించాను,’’ అన్నారు. ఎవరిని అన్నది బావ అడగలేదు.

ఇప్పుడు బావకు ఎనభై దాటాయి. మీసం తెల్లబడింది. నేటి పిల్లలకు టాల్మజ్ అంటే ఎవరో తెలియదు. వీధిలో ఎవరూ ఆపి మాట్లాడరు. దాని గురించి ఆయన పైకి అనడు గానీ, అక్క అంటుంది: ‘‘ఈ మధ్య ఊరికే బయటికెళ్ళి వస్తున్నాడురా. ఎవరైనా తిడతారేమోనని ఆశ.’’

కిందటి నెల కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఎదురు కుర్చీలో ఓ ముసలాయన ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని బావనే చూస్తున్నాడు. అలా పావుగంట చూశాడు.

‘‘బోస్టన్ వాళ్ళతో ఆట,’’ అన్నాడు చివరికి. ‘‘ఆ కిందికొచ్చే బంతికి బ్యాటు ఊపకుండా ఉండాల్సింది నువ్వు.’’

బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ‘‘ఎండ కళ్ళల్లో పడిందయ్యా,’’ అన్నాడు.

‘‘ఎండా? ఆ రోజు మబ్బు కదా!’’

‘‘నువ్వు ఎటు కూర్చున్నావు?’’

‘‘ఎడం పక్క, కింద.’’

‘‘అయితే నీకేం తెలుస్తుంది?’’ అన్నాడు బావ, వేలు చూపిస్తూ. ఇద్దరూ అలా వాదించుకుంటూనే ఉన్నారు. నర్సు రెండుసార్లు పేరు పిలిచినా బావ లేవలేదు.